ఇంజను ఉమ్మడి... నీళ్లు ఎవరివి వారివి

ఎకరం గుంట ఉన్న రైతు సొంతంగా ఇంజను, గొట్టాలు, షెడ్డు పెట్టుకోవాలంటే అయ్యే పనేనా? అప్పు చేసి పెట్టుకున్నా ఆ ఇంజను ఎక్కువ రోజులు ఊరికే పడి ఉంటుంది. అదే పక్కపక్క గుంటల వాళ్లు ఎనిమిది మంది కలిసి ఒక్క ఇంజను పెట్టుకుంటే ఒక్కొక్కరి మీద పడేది ఎనిమిదో వంతే. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు... మన తీరంలో ఏ గట్టు మీద నిలబడి అడిగినా ఈ లెక్కను కాదనే వారుండరు.

అయితే రైతు సోదరులారా, ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇంజను కలిస్తే ఖర్చు తగ్గుతుంది. నీళ్లు కలిస్తే రోగం కూడా వాటాలకు వస్తుంది. ఒక గుంట రొయ్యకు తెల్లమచ్చ తగిలితే ఎనిమిది గుంటలూ పోవచ్చు. ఇంజనును ఉమ్మడిగా ఉంచుకుని నీళ్లను విడివిడిగా ఉంచుకోవడం ఎలాగో చూద్దాం.

ఏరే అన్నిటికంటే పెద్ద గొట్టం

బెంగాల్‌లో సుందరవనాల వైపు పోటు ఎత్తుగా లేస్తుంది. తూము తెరిస్తే నీళ్లు వాటంతటవే గుంటలోకి వస్తాయి. మన నెల్లూరు తీరంలో పోటు అంత ఎత్తు లేవదు. కాబట్టి ఉప్పుటేటి నుంచి నీళ్లు తోడక తప్పదు, ఇంజను లేక తప్పదు.

1994-95లో ఏం జరిగిందో అప్పటికే గుంటలు తవ్విన వారికి చెప్పనక్కర్లేదు. కండలేరు ఏటికి అటూ ఇటూ గుంటలు వెలిశాయి. నీళ్లు తోడుకునేది ఆ ఏట్లోంచే. రొయ్య పట్టాక వదిలేదీ ఆ ఏట్లోకే. అంతకు ముందు చైనా, తైవాన్ దేశాల రొయ్యను తుడిచిపెట్టిన తెల్లమచ్చ వైరస్ మన దగ్గరికీ వచ్చింది. ఒకరు వదిలిన నీళ్లను ఇంకొకరు తోడుకున్నారు. పెద్ద కంపెనీల గుంటలు, చిన్న రైతుల గుంటలు అని తేడా లేకుండా పోయాయి. చాలామంది గుంటలను బీడు పెట్టారు.

పట్నంలో రంగుచేపల కొట్టు ఎప్పుడైనా చూశారా? వరసగా అద్దాల తొట్లు ఉంటాయి. కొన్ని కొట్లలో వాటన్నిటికీ కలిపి ఒకే మోటారు, ఒకే వడపోత పెడతారు. చూడ్డానికి బాగుంటుంది, ఖర్చూ తక్కువ. ఒక తొట్టిలోకి జబ్బు చేపను తెచ్చి వేస్తే మాత్రం అది గొట్టాల వెంట అన్ని తొట్లకూ పాకుతుంది. అందుకే తెలిసిన వాళ్లు కొత్త చేపను కొన్నాళ్లు విడి తొట్టిలో ఉంచిన తర్వాతే వరసలో వేస్తారు. మన ఏటి పక్క గుంటల వరస కూడా ఆ తొట్ల వరస లాంటిదే. తొట్లకు ప్లాస్టిక్ గొట్టం ఉంది, మనకు ఏరు ఉంది.

2009లో వనామి వచ్చాక రోగం లేని తల్లి రొయ్యల నుంచి తీసిన సీడు దొరుకుతోంది. అంతమాత్రాన ధైర్యపడకూడదు. సీడు శుభ్రమైనదే అయినా ఏటి నీళ్లలోంచి, పీతల నుంచి, అడవి రొయ్యల నుంచి తెల్లమచ్చ తగులుతుంది. ఇప్పుడు దానికి తోడు ఇ.హెచ్.పి. అనే జబ్బు కూడా ఉంది. అది ఒక్కసారిగా చంపదు. రొయ్యను ఎదగనివ్వదు. మేత తింటుంది, కౌంటు రాదు. ఈ రెండింటికీ మందు లేదు. రాకుండా చూసుకోవడమే మార్గం.

గొట్టాలు, కాలువలు ఎలా వేసుకోవాలి?

ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి నీళ్లు పారించడం అన్నిటికంటే ప్రమాదం. వరి మళ్లలో పై మడి నుంచి కింది మడికి పారించే అలవాటు మనకు ఉంది. రొయ్యల గుంటకు ఆ అలవాటు పనికిరాదు. ఇంజను నీళ్లు ముందుగా ఒక నిల్వ గుంటలో పడాలి. అక్కడి నుంచి కాస్త ఎత్తుగా కట్టిన పంపిణీ కాలువలోకో, గొట్టంలోకో రావాలి. ఆ కాలువ నుంచి ప్రతి గుంటకూ విడిగా ఒక తూము ఉండాలి. ఒక తూము మూస్తే మిగతా ఏడు గుంటలకు నీళ్లు ఆగకూడదు.

వదిలే నీళ్లకు దారి వేరే ఉండాలి. గుంటకు ఒక పక్క పంపిణీ కాలువ ఉంటే, ఎదుటి పక్క పల్లంలో మురుగు కాలువ తవ్వుకోవాలి. మురుగు కాలువ ఏట్లో కలిసే చోటు, ఇంజను నీళ్లు తోడే చోటు వీలైనంత దూరంగా ఉండాలి. మురుగు వరి పొలాల కాలువలో పడకుండా చూసుకోవడం మన బాధ్యత. ఉప్పు నీళ్లు ఊరి చేలల్లోకి, బావుల్లోకి చేరితే తగవులు తప్పవు.

గొట్టం వేసేవారు రెండు విషయాలు గమనించాలి. మొదటిది, గొట్టం లావు. ఎనిమిది అంగుళాల గొట్టంలో పట్టే నీళ్లు నాలుగు అంగుళాల గొట్టాలు నాలుగింటికి సమానం. సన్నగొట్టంలో నీళ్లు ఒరుసుకుపోయి ఇంజను మీద బరువు పడుతుంది, డీజిల్ వృథా అవుతుంది. పైగా ఇంజను దగ్గరి గుంటకు నీళ్లు, చివరి గుంటకు ఎదురుచూపులు మిగులుతాయి. కాబట్టి ప్రతి గుంట దగ్గరా ఒక వాల్వు పెట్టి, దగ్గరి వాటిని కొంచెం బిగించి, చివరి వాటిని పూర్తిగా తెరవాలి.

రెండోది, గొట్టం మూతి. గుంట నీళ్లలో మునిగి ఉన్న గొట్టం ఇంజను ఆగగానే వెనక్కి లాగుతుంది. ఎత్తులో ఉన్న గుంట నీళ్లు ఉమ్మడి గొట్టంలోకి దిగి, పల్లపు గుంటలోకి పోతాయి. రాత్రి ఇంజను ఆపి అందరూ ఇంటికి పోతే, తెల్లారేసరికి ఒక గుంట నీళ్లు ఇంకో గుంటలో ఉంటాయి. ఎవరూ చూడరు. అందుకే గొట్టం మూతి ఎప్పుడూ నీళ్లకు అడుగు పైన ఉండాలి. పై నుంచి నీళ్లు పడేటట్టు పెడితే వెనక్కి లాగే పనే ఉండదు.

ఇంజను షెడ్డులో డీజిల్ పక్కన బ్లీచింగ్ పౌడరు బస్తాలు పెట్టవద్దు. బ్లీచింగ్‌కు నూనె తగిలితే మంట లేచే ప్రమాదం ఉంది. కరెంటు మోటారు ఉంటే ఎర్తింగు సరిగా ఉందో లేదో పంటకు ముందే చూపించుకోవాలి. ఉప్పు గాలికి వైరు తొందరగా చెడుతుంది.

మీ ఇంజను ఎన్ని నీళ్లు తోడుతుంది?

ఇంజను మీద రాసిన అంకె వేరు, గట్టు మీద వచ్చే నీళ్లు వేరు. దీన్ని మీరే కొలుచుకోవచ్చు. నిల్వ గుంటలో సెంటీమీటర్లు గీసిన కర్ర ఒకటి పాతండి. అర ఎకరం గుంటలో 10 సెంటీమీటర్లు పెరిగితే దాదాపు 2 లక్షల లీటర్లు వచ్చినట్టు. అది 40 నిమిషాల్లో పెరిగిందనుకోండి. గంటకు 3 లక్షల లీటర్లు అన్నమాట.

ఎకరం గుంటలో మీటరు నీళ్లంటే 40 లక్షల లీటర్లు. ఎనిమిది ఎకరాలకు 3 కోట్ల 20 లక్షల లీటర్లు. పై ఇంజనుకు ఇది సుమారు 107 గంటల పని. అయితే ఇరవై నాలుగు గంటలూ తోడటానికి లేదు. పోటు ఎక్కేటప్పుడు, ఎక్కి నిలిచినప్పుడు మాత్రమే తోడాలి. అప్పుడు వచ్చేది సముద్రపు కొత్త నీళ్లు. ఆటులో వచ్చేవి పై గుంటలు వదిలిన నీళ్లు. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. రెండు పోట్లకు కలిపి పది గంటలు తోడగలిగితే ఎనిమిది గుంటలు నిండటానికి పదకొండు రోజులు పడుతుంది.

ఈ లెక్క ముందే వేసుకుంటే సీడు ఎప్పుడు తెచ్చుకోవాలో తేలుతుంది. అందరూ ఒకేసారి సీడు వేయాలి, ఒకే దఫా ముగించాలి. ఒకరి రొయ్య పట్టే నాటికి ఇంకొకరిది పిల్లగా ఉంటే, ఆ మురుగు ఈ పిల్ల మీద పడుతుంది.

నిల్వ గుంటకు ఆరు సెంట్లు

నిల్వ గుంట అనగానే భూమి పోతుందని బాధపడే వారున్నారు. ఎనిమిది ఎకరాలకు అర ఎకరం నిల్వ గుంట చాలు. పంచితే ఒక్కొక్కరికి ఆరు సెంట్ల పైచిలుకు. ఆ అర ఎకరం ఎవరిదైతే వారికి మిగతా వారు కౌలు కట్టాలి.

వేసవిలో ఎండకు, ఊటకు కలిపి రోజుకు సెంటీమీటరు నీళ్లు తగ్గుతాయనుకుందాం. ఎకరానికి 40 వేల లీటర్లు. ఎనిమిది ఎకరాలకు 3 లక్షల 20 వేలు. అర ఎకరంలో మీటరున్నర లోతు నిల్వ చేస్తే 30 లక్షల లీటర్లు. నడుమ గట్టు వేసి రెండు సగాలు చేయండి. ఒక సగం నుంచి నాలుగు రోజులు నీళ్లు వాడుకుంటుంటే ఇంకో సగంలో నీళ్లకు మందు పడుతుంది. అది తయారయ్యేసరికి ఇది ఖాళీ అవుతుంది.

ఇంజను నీళ్లు నిల్వ గుంటలో పడే చోట అంగుళానికి 60 కళ్లున్న వల రెండు పొరలుగా కుట్టి సంచిలా కట్టాలి. సంచి పొడుగ్గా ఉండాలి. పొట్టిదైతే నీటి వురవడికి చిరిగిపోతుంది. చిరిగిన వల కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే. తోడిన ప్రతిసారీ విప్పి, ఉతికి, ఆరేసి, వెలుతురుకు పట్టి చూడాలి. ఇలాంటి వలే ప్రతి గుంట తూముకూ విడిగా ఉండాలి. పీత గుడ్లు, చిన్న చిన్న నీటి పురుగులు వెంట తెచ్చే రోగాన్ని ఆపేది ఈ వలే.

నిల్వ నీళ్లకు వెయ్యి లీటర్లకు 60 గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడరు వాడాలి. 15 లక్షల లీటర్ల సగానికి 90 కిలోలు. సాయంత్రం పూట ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గాలి వాలున చల్లాలి. సున్నం, బ్లీచింగ్ ఒకేసారి వేయవద్దు, బ్లీచింగ్ బలం తగ్గిపోతుంది. మూడు రోజులు ఎండ తగలనిచ్చి, నీళ్లను కలియబెట్టి, నాలుగో రోజు క్లోరిన్ చుక్కల మందుతో పరీక్షించాలి. పసుపు రంగు వస్తే ఇంకా క్లోరిన్ ఉందన్నమాట. రంగు రాకపోతేనే తూము తెరవాలి.

పంటకు ముందు మొదటిసారి నింపే నీళ్లకు నిల్వ గుంట చాలదు. వాటిని ఎవరి గుంటలో వారు ఇదే లెక్కన బ్లీచింగ్ చేసుకుని, క్లోరిన్ పోయాక సీడు వేసుకోవాలి.

రోగం తగిలినప్పుడు చేయాల్సిందేమిటి?

రొయ్య మేత మాని గట్టు పక్కకు వస్తోంది. ఒంటి మీద తెల్లమచ్చలు కనబడుతున్నాయి. కాకులు వాలుతున్నాయి. అప్పుడు రైతు మొదట చేయబుద్ధయ్యే పని ఏమిటో మనందరికీ తెలుసు. రాత్రికి రాత్రి తూము తెరిచి, వచ్చిన కాడికి పట్టుకుని, నీళ్లు వదిలేయడం. పొద్దున అడిగితే 'మా గుంటలో ఏం లేదే' అనడం.

ఆ రైతును తిట్టి లాభం లేదు. చెబితే నష్టం తనొక్కడికే, చెప్పకపోతే తనకు పోయేదేమీ లేదు. అలాంటప్పుడు ఎవరైనా ఎందుకు చెబుతారు? ఉమ్మడి ఇంజను పెట్టుకునే వాళ్లు మొదట తీర్చుకోవాల్సిన చిక్కు ఇదే. చెప్పిన వాడికి నష్టం తగ్గేటట్టు ఒప్పందం రాసుకోవాలి.

రోగం తగిలిన గుంట తూములు రెండూ మూయాలి. తూము మీద దూరానికి కనబడేటట్టు ఎర్రగుడ్డ కట్టాలి. పట్టదగ్గ రొయ్య ఉంటే నీళ్లు వదలకుండా వలతోనే పట్టాలి. తర్వాత నీళ్లకు బ్లీచింగ్ వేసి, కనీసం వారం రోజులు కదల్చకుండా ఉంచాలి. ఆ తర్వాతే వదలాలి, అది కూడా మిగతా వాళ్లకు చెప్పి, ఇంజను ఆపిన రోజున. చచ్చిన రొయ్యను గట్టు మీద పారేయకుండా సున్నం వేసి పూడ్చాలి. లేకుంటే కాకి ఇక్కడ ఎత్తి పక్క గుంటలో పడేస్తుంది. విసురు వల, బకెట్లు, చెక్‌ట్రేలు ఒక గుంటవి ఇంకో గుంటకు తీసుకుపోవద్దు. గుంటకు గుంటకు తిరిగే కూలీలు కాళ్లూ చేతులూ కడుక్కునేందుకు నీళ్లు, మందు పెట్టాలి. గొట్టాలు విడదీసి విసురు వల కలిపితే చేసిందంతా వృథా.

మీటరు లోతున్న ఎకరం గుంటకు ఈ బ్లీచింగ్ 240 కిలోలు కావాలి. పంట పోయిన రైతు ఆ డబ్బు ఎక్కడ తెస్తాడు? ఎనిమిది మంది పంచుకుంటే తలా 30 కిలోల ధర. పంట మొదట్లోనే అందరూ ఆ డబ్బు పక్కన పెట్టాలి. సరుకుగా కొని ఉంచవద్దు, గాలి తగిలి బ్లీచింగ్ బలం పోతుంది. రోగం రాకపోతే ఆ డబ్బు మళ్లీ పంటకు పనికొస్తుంది.

కాగితం మీద రాసుకోండి

1. ఇంజను రిపేరు, ఆయిలు, కాపలా ఖర్చులు ఎకరాల లెక్కన పంచుకోవాలి.

2. డీజిల్ లేదా కరెంటు ఖర్చు వాడుకున్న నీళ్ల లెక్కన పంచుకోవాలి. ప్రతి గుంటలో అంగుళాలు గీసిన కర్ర పాతాలి. ఎకరం గుంటలో ఒక అంగుళం నీరంటే దాదాపు లక్ష లీటర్లు. తూము తెరిచే ముందు, మూసిన తర్వాత ఎన్ని అంగుళాలో నోటు పుస్తకంలో రాసి ఇద్దరు సంతకం చేయాలి.

3. సీడు ఒకే హేచరీ నుంచి, పరీక్ష చేయించిన తర్వాతే, ఒకే వారంలో వేయాలి. పరీక్ష ఖర్చు అందరిదీ.

4. రోగం సంగతి తెలిసిన రోజే చెప్పాలి. చెప్పి తూము మూసిన రైతు ఆ పంటకు ఉమ్మడి ఖర్చుల్లో మిగిలిన వాటా కట్టనక్కర్లేదు. బ్లీచింగ్ ఉమ్మడి డబ్బుతో కొనాలి.

5. చెప్పకుండా నీళ్లు వదిలిన వారికి వచ్చే పంటకు ఇంజను నీళ్లు లేవు.

6. తూముల తాళం చెవులు ఒక్కరి దగ్గరే ఉండాలి. ఆ పని పంటకొకరు చేయాలి.

ఈ షరతుల్లో నాలుగోది తీసేస్తే అయిదోది పనిచేయదు. శిక్ష ఒక్కటే ఉంటే రోగాన్ని దాచడం నేర్చుకుంటారు. ఊరట కూడా ఉంటే చెప్పడం నేర్చుకుంటారు.

కలిసి చేసి చూపినవారు

ఇది కాగితాల మీద కబురు కాదు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా, ఆసియా దేశాల ఆక్వా సంస్థ నాకాతో కలిసి 2002లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో చిన్న రైతులను కొద్దిమందిని ఒక గుంపుగా కూర్చింది. సీడు కలిసి పరీక్షించుకోవడం, ఒకేసారి వేయడం, నీళ్లు వడకట్టి వాడటం, రోగం తగిలితే దాచకుండా చెప్పుకుని నీళ్లు వదలకుండా ఆపడం... వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు ఇవే. తర్వాతి ఏళ్లలో మరిన్ని గుంపులు తయారయ్యాయి. ఈ అనుభవం మీదే 2007లో చిన్న రైతుల సంఘాల కోసం నాక్సా అనే సంస్థ ఏర్పడింది.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తీరంలో రొయ్యల గుంటల మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఉప్పునీటి గుంటలకు నమోదు తప్పనిసరి. మురుగు శుద్ధి గుంట గురించి మార్గదర్శకాల్లో ఉంది. మన ఎనిమిది ఎకరాల గుంపుకు ఏ నియమం వర్తిస్తుందో అడిగి తెలుసుకోవాలి. ఎలాగైనా మురుగు కాలువ చివర చిన్న గుంట ఒకటి తవ్వి, నీళ్లు తేరుకున్నాక ఏట్లోకి వదిలితే మంచిది. మళ్లీ తోడుకునేది మనమే కదా.

సందేహాలుంటే ముత్తుకూరులోని మత్స్యశాస్త్ర కళాశాల వారిని, మండల మత్స్యశాఖ అధికారిని అడగవచ్చు. రొయ్య రోగాల మీద పనిచేసే కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ సీబా చెన్నైలో ఉంది.

ఈ పంటకు నీళ్లు తోడే ముందు ఒక సాయంత్రం అందరూ ఇంజను షెడ్డు దగ్గర కూర్చోండి. ఏ తూము ఏ కాలువలో కలుస్తోందో నడిచి చూడండి. గొట్టం మూతులు నీళ్లలో మునిగి ఉన్నాయేమో చూడండి. ఆ తర్వాత నోటు పుస్తకం తెరిచి, మొదటి పేజీలో ఆ ఆరు షరతులూ రాసి సంతకాలు చేయండి. ఇంజను స్టార్టు చేసేది ఆ తర్వాతే.